ఆశపడి కొన్న పాటలు

క్రొత్త పాటకొఱకు ఎదురుచూచుట యొక సుఖము. అది చేతికి వచ్చిన పిమ్మట విని, "ఇంతేనా?" అనుకొనుట యొక దుఃఖము. ఈ దుఃఖము మిక్కిలి చిన్నదని మన యిండ్లలోని పురుషులు నవ్వుదురు. అన్నము మాడిపోయినచో నొకపూట భోజనము చెడును గాని, పాట బాగుండకపోయిన నేమి చెడునని వారి తాత్పర్యము. కాని దినములో నెక్కువభాగము వంటయింటను, పెరటిలోను గడపు స్త్రీకి పాట వట్టి వినోదము గాదు, అది తోడు. వత్తునన్న చెలికత్తె రాకపోయిన వెలితిగా నుండును. వచ్చియు పలుకరింపక పోయినచో ఆ వెలితి యింతింత యనరాదు. ఆశపడి కొన్న పాటలు రుచింపనప్పుడు మనకు గలుగునది యిట్టి బాధయే.

నేడు పాటల సంపుటమును అందఱును ఆల్బము అనుచున్నారు. ఈ పేరు వచ్చిన విధము వినదగినది. పూర్వము గ్రామఫోను రికార్డు ఒక్కొక్క ప్రక్కను ఇంచుమించుగా మూడు నిమిషములు మాత్రమే పాడెడిది. పెద్ద రచన నేదైన వినవలెనన్న నాలుగైదు రికార్డులు కావలసివచ్చెడివి. వానిని అట్టసంచులు పుటలుగా గుట్టిన పుస్తకములో నుంచి యమ్మెడివారు. ఛాయాపటముల నతికించుకొను ఆల్బమువలె నుండుటచే దానికిని ఆ పేరే వచ్చినది. పుస్తకము పోయినది, పేరు నిలిచినది. వినువారి ఆశాభంగము సైతము ఆనాటినుండి నేటివఱకు నిలిచియే యున్నది. అయితే ఆశాభంగము లన్నియు నొక్క జాతివి కావు. నా యనుభవమున నవి నాలుగు తెఱగులుగా గాన్పించినవి.

మొదటిది యంత్రము కొఱతవలన గలుగునది. మా నాయనమ్మ కాపురమునకు వచ్చిన క్రొత్తలో మా యింట కీ యిచ్చి త్రిప్పు గ్రామఫోను పెట్టె యుండెడిదట. ఆమె బాల్యమున నొక పెండ్లిలో తోడిరాగమును నాదస్వరముమీద నర్ధరాత్రము దాటువఱకు విన్నది. ఆ రాగమునే పేరుపొందిన విద్వాంసుడొకరు పాడిన రికార్డు మదరాసులో దొరకునని తెలిసి, మా తాతగారిని బ్రతిమాలి తెప్పించుకొన్నది. ఇరుగుపొరుగు స్త్రీలను పిలిచి, పిల్లలను కదలవద్దని కూర్చుండబెట్టి, ముల్లు ఆనించినది. ఆలాపన మొదలైనట్లే మొదలై ముగిసెను. పల్లవి పరుగెత్తెను. చరణము చెవి కెక్కునంతలో ముల్లు గరగరమని గీరుకొనుచు నిలిచిపోయెను. "చెరువు తెమ్మంటే చెంబుడు నీళ్లు తెచ్చారు" అని యామె యందఱియెదుటనే యన్నదట.

ఆ చెంబు కథ యిది. 1902వ సంవత్సరము నవంబరులో గ్రామఫోను కంపెనీవారి తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నతడు కలకత్తాకు వచ్చి మన దేశపు పాటలను రికార్డు చేసెను. ఆనాడు పాడినవారిలో గౌహర్ జాన్ ముఖ్యురాలు. గంటసేపు విస్తరింపదగిన రాగమును ఆమె మూడు నిమిషములలో నిమిడించి, చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పి ముగించెడిది. ఆ మైనపు పళ్లెములు సముద్రము దాటి జర్మనీలోని హానోవరు నగరమునకు పోయి, అచ్చట రికార్డులై తిరిగి వచ్చెడివి. అంత యిఱుకుదారిని నడచిన పాట తడబడిన నది గాయకుల దోషము గాదు. మా నాయనమ్మకు ఈ సంగతులేవియు తెలియవు. అయినను ఆమె యా రికార్డును మూలబెట్టలేదు. సభలకు పోవు వాడుక లేని యింటి కోడలు గావున, వేకువనే లేచి దానినే మరల మరల వేసికొని ఆ కీర్తనను సాంతముగా నేర్చినది. మా యమ్మకు ఆమె నేర్పినది; మా యమ్మ నాకు నేర్పినది. చెంబుడు నీళ్లే మూడు తరముల దప్పిక తీర్చినవి.

రెండవ తెఱగు దీనికి సరిగా నెదురైనది. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీవారు ప్రక్కకు 20 నిమిషములకు పైగా పాడు పెద్ద రికార్డును వెలువరించిరి. 1963లో క్యాసెట్టు పుట్టెను. మునుపు పాటకు చోటు చాలకుండెను. ఇప్పుడు చోటు మిగులజొచ్చెను. మిగిలిన చోటును నింపవలసివచ్చుటతో నింపుడుపాటలు పుట్టినవి. నేను కాలేజీలో చదువుకొనుచున్నప్పుడు ఒక గాయని లలితగీతముల క్యాసెట్టు మా వసతిగృహములో నెంతయో పేరు పొందెను. ఆమె రెండవ క్యాసెట్టు వచ్చునన్న వార్త వినినది మొదలు ఏడాదిన్నర కాచియుంటిమి. వచ్చిన దినముననే నలుగురము చందాలు వేసికొని కొంటిమి. అందులో నెనిమిది పాటలు. మూడు మాత్రము మునుపటివలె తీయగా నుండెను. తక్కిన యైదును విస్తరి నిండుటకు వడ్డించిన చప్పిడి కూరలు. ఎవ్వరము నోరు తెఱవలేదు. తుదకు మాలో నొకతె, "డబ్బు పెట్టాం కదే, బాగుందనే అనుకుందాం" అనెను. అందఱము నవ్వితిమి గాని, ఆ మాటలో గొప్ప సత్యము కలదు. వెల యిచ్చినవారు తమ మనసును తామే మోసపుచ్చుకొందురు. చీరల విషయమున మన మెఱుగనిదా యిది?

మూడవ తెఱగు చాటింపువలన గలుగునది. దీనికి దృష్టాంతములు పాశ్చాత్య దేశములలో ప్రసిద్ధముగా నున్నవి. ఇంగ్లండులో ఒయేసిస్ అను బృందము 1995లో వెలువరించిన ఆల్బము దేశమంతట మారుమ్రోగెను. తరువాతి దగు 'బీ హియర్ నౌ' 1997 ఆగస్టు 21వ తేదీన అంగళ్లకు వచ్చెను. జనులు తెల్లవాఱకముందే బారులు తీరిరి. ఒక్క దినములో నాలుగు లక్షలకు మించిన ప్రతులు చెల్లిపోయినవి. పత్రికలవారు ఆకాశమున కెత్తి పొగడిరి. కొంతకాలము గడచినంతనే జనుల మాట మాఱెను. పాటలు మితిమీఱి సాగినవనియు, మోతలో రాగము మునిగినదనియు ననసాగిరి. అందు ఒక పాట తొమ్మిది నిమిషములు దాటును. ఆ పాటలు గట్టిన నోయెల్ గాలగర్ తరువాతి కాలమున తానే ఆ ఆల్బమును తూలనాడెను. ఎగబడి కొన్న ప్రతులు పాతరికార్డుల కొట్లలో గుట్టలు పడెను.

అమెరికాలోని గన్స్ అండ్ రోజెస్ బృందమువారి కథ మఱియొక విధము. సొంతముగా గట్టిన క్రొత్తపాటలతో వారు 1991లో రెండు ఆల్బములను వెలువరించిరి. అట్టి తరువాతి ఆల్బము 'చైనీస్ డెమోక్రసీ' వచ్చుటకు 2008 నవంబరు వఱకు పట్టెను. నడుమ పదునేడేండ్లు! ఈలోపల బృందములోని పాతవారు చాలమంది వెడలిపోయిరి. డాక్టర్ పెప్పర్ అను పానీయపు కంపెనీవారు, ఆ ఆల్బము 2008లో వచ్చినచో అమెరికాలోని ప్రజలకెల్ల తలకొక డబ్బా పానీయము ఊరక యిత్తుమని పరాచికముగా చాటించిరి. తీరా అది వచ్చెను. పాటలలో మంచివి లేకపోలేదు. కాని పదునేడేండ్ల నిరీక్షణకు తగిన పాట లోకములో నెవ్వరు పాడగలరు? నిశ్చితార్థము నాడే పెండ్లికూతురును రంభ యనియు ఊర్వశి యనియు పొగడినచో, కాపురమునకు వచ్చిన పిల్ల యెంత చక్కనిదైనను అత్తవారికి కొఱతగానే కనబడును. ఆ కొఱత పిల్లలో లేదు, పొగడ్తలో నున్నది.

నాలుగవ తెఱగే నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. యంత్రములో కొఱత లేదు, నింపుడుపాటలు లేవు, గాయకుల శ్రద్ధకు లోపము లేదు. అయినను వినువారి మనసు చివుక్కుమనును. ఏలయన, మనము నిన్నటి పాట నడిగితిమి. వారు నేటి పాట నిచ్చిరి.

ఫ్లీట్‌వుడ్ మాక్ అను బృందమున ముగ్గురు పురుషులును, స్టీవీ నిక్స్, క్రిస్టీన్ మెక్‌వీ అను ఇద్దఱు స్త్రీలును ఉండిరి. 1977 ఫిబ్రవరిలో వారు వెలువరించిన 'రూమర్స్' అమెరికాలో 31 వారములు అగ్రస్థానమున నిలిచెను. తమలో తమకు కాపురములు చెడి, మనసులు విఱిగిన కాలమున వారు కట్టిన పాటలవి; వినుట కింపైనవి. జనులు మఱియొక 'రూమర్స్' కావలెనని కోరిరి. బృందములోని లిండ్సీ బకింగ్‌హామ్ చేసినదానినే మరల చేయ నిచ్చగింపలేదు. కొన్ని పాటలను తన యింటనే విచిత్రముగా రికార్డు చేసెను. 1979 అక్టోబరులో వచ్చిన ఆ ఆల్బము పేరు 'టస్క్'. రెండు రికార్డులు, 20 పాటలు. వ్యయము పది లక్షల డాలర్లకు మించెను. ఆ పేరుగల పాటకై ఒక విశ్వవిద్యాలయపు బ్యాండుమేళమునంతయు లాస్ ఏంజిలిస్‌లోని ఆటస్థలమునకు రప్పించి వాయింపించిరి. అది లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయినను, 'రూమర్స్'తో పోల్చి దానిని ఓటమి యనిరి. తీయని పాటల నాశించి కొన్నవారు తెల్లబోయిరి. కాలము గడచినకొలది ఆ 'టస్క్'నే మెచ్చుకొనువారు పెరిగిరి. నేడు దానిని ఆ బృందమువారి సాహసకృత్యముగా నెన్నుచున్నారు.

ఈ సంగతి నేను తెలిసికొనుటకు కారణము మా అమ్మాయి. ఈ కాలమున ఆల్బము కొఱకు అంగడికి పోనక్కఱలేదు. అర్ధరాత్రము పండ్రెండు గంటలకు చేతిలోని ఫోనులోనికే వచ్చును. తనకు ప్రాణమైన గాయని క్రొత్త ఆల్బమునకై అది నిద్ర మానుకొని కూర్చుండెను. తెల్లవాఱి చూతునుగదా, కన్నులు వాచియున్నవి. "ఇది ఆవిడ పాటలా లేదమ్మా. ఎవరో పరాయివాళ్లు పాడినట్టుంది" అనెను. ఆ గాయని తన పద్ధతి మార్చుకొన్నదట. నేను నవ్వలేదు. నా మనసు నలువదేండ్లు వెనుకకు పోయెను.

నాకు తొమ్మిదేండ్లప్పుడు మా యమ్మ ఒక మంగళహారతి నేర్పినది. పేరంటములలో నేను దానిని పాడగా నందఱును ముద్దాడి, గుప్పిళ్లతో శనగలు పెట్టెడివారు. ఎవరింట పేరంటమైనను, "ఆ హారతి పాడవే" అనుటయే. పదియాఱవయేట పాటల మాస్టరుగారు నాకు భైరవి వర్ణము చెప్పిరి. ఆఱు మాసములు కష్టపడితిని. శ్రావణ శుక్రవారమున నొక యింట దానిని పాడ మొదలిడితిని. సగము కాకముందే తాంబూలముల సందడి మొదలయ్యెను. ఒక పెద్ద ముత్తయిదువ నా గడ్డము పట్టుకొని, "కచేరీ పాటలు మాకెందుకు తల్లీ, నీ హారతి పాడు" అని ముద్దుగా ననెను. పాడితిని. అందఱి ముఖములు వికసించెను. ఆమె యందు రవంతయు కోపము లేదు, ప్రేమయే యుండెను. కాని నాటినుండి పెండ్లియగువఱకు నేను పేరంటములలో ఆ హారతి తప్ప మఱియొకటి పాడలేదు. భైరవి వర్ణము వంటయింటను, బావిగట్టున మాత్రము మిగిలినది.

ఈ కథ మా అమ్మాయికి చెప్పితిని. అది చాలసేపు మాటలాడలేదు. వారము దినముల పిమ్మట ఆ ఆల్బములోని పాట యొకటి దాని గదినుండి వినబడుచుండెను. తక్కినవి నచ్చలేదనియే యిప్పటికిని చెప్పును. ఆ మాట చెప్పుటకు దానికి హక్కు గలదు. గాయని మాఱవచ్చుననుట యెంత నిజమో, మాఱిన ప్రతిపాటను మెచ్చుకొని తీరవలెనని లేదనుట యంత నిజము. మెచ్చకుండుట వేఱు, "నీవు మాఱరాదు" అని శాసించుట వేఱు.

సోదరీమణులారా! ఆశపడిన పాటలు రుచింపనప్పుడు మన మేమి చేయదగును? మొదటి వినికిడితోనే తీర్పు చెప్పవలదు. క్రొత్త ఆవకాయకైనను ఊరుటకు మూడు దినము లిత్తుము గదా. వెల యిచ్చితిమి గనుక మంచివని బుకాయింపవలదు. పత్రికలు పొగడినవి గనుక మంచివనియు, తెగడినవి గనుక చెడ్డవనియు ననవలదు. కొఱత యంత్రములోనిదా, వ్యాపారములోనిదా, చాటింపులోనిదా, లేక మన చెవి యింకను నిన్నటి పాటనే వినగోరుచున్నదా యని విచారింపవలెను. వ్యాపారపు నింపుడుపాటలను నిర్మొగమాటముగ నిరాకరింపుడు. నాలుగవ తెఱగు దైనచో మాత్రము కొంత యోర్పు వహింపుడు.

ఈ యోర్పు గాయకులకు మాత్రమే గాదు. మన యింట నొక పిల్ల బొమ్మలు చక్కగా వేయును. నాలుగేండ్లకు బొమ్మలు మాని లెక్కలలో పడును. ఒక కోడలు పెండ్లియైన క్రొత్తలో అన్నిటికి సరే యనును; పదేండ్లకు తనకును ఒక యభిప్రాయము కలదని చెప్పును. "అప్పుడెంత బాగుండేదో!" అని మనము నిట్టూర్తుము. ఆ నిట్టూర్పు విన్నవారు మరల మన యెదుట క్రొత్తపాట నెత్తుకొనరు. పేరంటమునకు వచ్చిన చిన్నది ఈసారి వేఱొక పాట పాడెదనన్నచో, తాంబూలములు కొంచె మాలస్యముగా నీయుడు. పాట పూర్తికానిండు.