దగ్గు లేని జలుబు

చంటిపిల్లలకు జలుబు ముదిరితే ఎలా ఉంటుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. దగ్గు, పిల్లికూతలు, డొక్కలెగరేయడం. ఆ ఇంట్లో మాత్రం ఇవేవీ లేవు. పెద్దపిల్ల ముక్కు కారుతూ బడి నుంచి వచ్చింది, అంతే. వారం తిరగకుండానే ఆరు వారాల తమ్ముడు పాలు తాగడం తగ్గించేశాడు. ఒళ్లు వెచ్చగా కూడా లేదు. దిష్టి తగిలిందంటూ అమ్మమ్మ ఉప్పు తీసింది. తీస్తే తీసింది గానీ, తల్లి మాత్రం ఆ రాత్రి కళ్లు మూయలేదు. తెల్లవారుజామున వాడి పొట్ట కదలడం ఆగింది. పెదాలు నీలంగా మారాయి. తట్టి లేపితే మళ్లీ ఊపిరి.

ఆసుపత్రిలో తేలిన పేరు ఆర్‌ఎస్‌వీ. రెండేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ సోకే వైరస్ ఇది. 1956లో మొదట దొరికింది జలుబు చేసిన చింపాంజీల్లో! పెద్దవాళ్లలో చాలామందికి ఉత్త జలుబే. రెండు నెలల్లోపు పిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవారిలో దాని తీరే వేరు. మందకొడితనం, చిరాకు, పాలు పట్టకపోవడం... కొందరిలో ఊపిరి ఆగడమే తొలి లక్షణం. అప్పుడిక తెల్లారేదాకా ఆగకూడదు.

వైరస్ కాబట్టి యాంటీబయాటిక్స్ పనిచేయవు. ఆక్సిజన్ పెట్టి, పాలో సెలైనో అందిస్తూ కనిపెట్టుకుని ఉండాల్సిందే. గర్భిణులకు టీకా, పసివాళ్లకు నిర్సెవిమాబ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2023లో అనుమతించింది. ఇక మన ఇళ్లలో, ముద్దాడటానికొచ్చిన చుట్టాన్ని 'జలుబుందా?' అని గుమ్మంలోనే అడగడమే అన్నిటికంటే కష్టమైన పని!