"అన్నా, తాళం ఏసిన్నా?" అంటే మేం జవాబు చెప్పడం మానేశాం

పోస్టు కొంచెం పెద్దది. అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ రూముల్లో ఉండి చదువుకుంటున్న మన పిల్లలు ఒక్కసారి పూర్తిగా చదవండి. ఎవరి గురించి రాస్తున్నామో ఆ తమ్ముడిని అడిగే రాస్తున్నాం. "పేరు, తండా పేరు పెట్టకుండ్రి, మిగతాదంతా రాయుండ్రి" అన్నాడు.

అశోక్‌నగర్ గల్లీలో మూడో అంతస్తు రూము. మేం నలుగురం. ఇద్దరం మహబూబాబాద్ వైపు తండాల నుంచి, ఒకరం ఏటూరునాగారం వైపు కోయగూడెం నుంచి, ఒకరం ఉట్నూర్ వైపు గోండుగూడెం నుంచి. 2022లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ పడ్డప్పుడు వచ్చాం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలని పొద్దున్నే బయల్దేరేవాళ్ళం.

తమ్ముడు తాళం వేసి, లాగి చూసి, గల్లీ చివరిదాకా వచ్చి ఆగేవాడు. "అన్నా, తాళం ఏసిన్నా?" "ఏసినవ్ రా, చూసినం." రెండడుగులు వేసి మళ్ళీ, "నిజంగ చూసిండ్రా?" మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత తాళం ఫోటో తీసి చూపించాం. ఆఖరికి తాళం వేసే పని మేమే తీసుకున్నాం. సాయం చేస్తున్నాం అనుకున్నాం.

2022 అక్టోబర్ 16 ప్రిలిమ్స్. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. హాల్ టికెట్ నంబర్ సరిగా దిద్దానా లేదా అని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వందో ప్రశ్న కూడా దాటలేదు. జవాబులు రాక కాదు, మాలో బాగా చదివేది వాడే. 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాశాం, అదీ రద్దయింది. ఏదీ ఖాయం కాని ఆ రోజుల్లో వాడి అనుమానం ఇంకా పెరిగింది. ఒక్క పేజీ గంటసేపు చదివేవాడు, వాక్యం సరిగా చదవలేదేమో అని మళ్ళీ మొదటికి వచ్చేవాడు.

ఇంటికి పోతే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. యాడిది తప్పు కాదు, మిర్చి కూలికి పోయి పైసలు పంపే ఆమెకు తెలిసిన దారి అది. తప్పు మాది. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె రా" అని మేమే జోకులు వేశాం. ఆ మాటకే వాడు డాక్టర్ దగ్గరికి పోవడానికి భయపడ్డాడు. నర్సుగా చేసే మన అక్క ఒకామె చెప్తే ఒక సర్కారు దవాఖానలో మానసిక వైద్యుల ఓపీకి పోయాం.

డాక్టర్ సార్ ఓసీడీ అన్నారు. వద్దన్నా అనుమానం వస్తుంది, భయం పుడుతుంది. తాళం లాగి చూస్తే భయం కాసేపు తగ్గుతుంది. "చూశాను కాబట్టే ఏమీ కాలేదు" అని మెదడు నేర్చుకుంటుంది, మళ్ళీ చూడమంటుంది. దురద లాంటిది, గోకితే హాయి, గోకే కొద్దీ పుండు. ఆలోచించకు అంటే కూడా లాభం లేదు, కోతిని తలచుకోకుండా మందు తాగమన్నట్టే.

తర్వాత సైకాలజిస్ట్ మేడం మమ్మల్ని లోపలికి పిలిచారు. "రోజుకు ఎన్నిసార్లు జవాబు చెప్తున్నరు?" లెక్కేస్తే ముప్పై దాటింది. "మీ జవాబు కూడా తాళం లాగి చూసినట్టే" అన్నారు. తలలు దించుకున్నాం. ప్రేమతో చెప్పిన మాటే రోగానికి మేత అయింది.

చికిత్స పేరు ఈఆర్‌పీ. లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ 1966లో ఇద్దరు రోగుల మీద ఈ పద్ధతి ఫలితాలు ప్రచురించాడు, ఇప్పటికీ ఓసీడీకి ముందు చెప్పే థెరపీ ఇదే. భయపెట్టే పనులు రాసుకుని సున్నా నుంచి వందదాకా మార్కులు వేయాలి. తక్కువ మార్కుల దానితో మొదలుపెట్టి, భయం వచ్చినా సరిచూసుకోకుండా ఉండాలి. తమ్ముడికి మొదటి మెట్టు, లెక్క ఒక్కసారే చేసి నోట్‌బుక్ మూసేయడం. పై మెట్టు, తాళం ఒక్కసారి వేసి వెనక్కి చూడకుండా నారాయణగూడ చౌరస్తాదాకా నడవడం.

వాడు, మేం, మేడం కలిసి ఒక మాట అనుకున్నాం. అడిగితే మా జవాబు ఒక్కటే: "తెల్వదు రా. భయం ఉండనీ, నడువు."

ఆ పై మెట్టు రోజు మర్చిపోలేం. చౌరస్తాలో చెమటలు పట్టి, "ఒక్కసారి చెప్పు అన్నా, కాళ్ళు మొక్కుత" అని ఏడ్చాడు. మాలో ఇద్దరికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఏసినవ్" అనే ఒక్క మాట నోటిదాకా వచ్చింది, మింగేశాం. పక్కనే నిలబడ్డాం. ముప్పావు గంట తర్వాత వాడే, "తగ్గింది అన్నా" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పకుండా తగ్గడం అదే మొదటిసారి. నలుగురం చాయ్ తాగాం.

మందులు కూడా వాడాడు. ఓసీడీకి ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు బాగా పనిచేయడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. పది రోజులకే పని చేయట్లేదని సొంతంగా ఆపొద్దు. మాలో ఇంకొకరికి ఉన్నది వేరే, రిజల్ట్ గురించి, ఇంటి అప్పు గురించి ఆగని ఆందోళన. అతనికి చెప్పింది సీబీటీ. వచ్చిన ఆలోచన నిజమా అని రాసి పరీక్షించుకోవడం, చింతకు రోజూ ఒక టైం పెట్టుకోవడం. రెండూ ఒకటి కావు, అందుకే యూట్యూబ్ చూసి సొంత వైద్యం వద్దు. మేం కూడా మేడం చెప్పకుండా జవాబులు ఆపలేదు.

2024 జూన్ 9న 563 పోస్టుల కొత్త గ్రూప్-1 ప్రిలిమ్స్. తమ్ముడు మెయిన్స్‌కు సెలెక్ట్ కాలేదు. కానీ 150 ప్రశ్నలూ చూశాడు, టైంలో దిద్దాడు. బయటికొచ్చి హాల్ టికెట్ నంబర్ గురించి మమ్మల్ని ఏమీ అడగలేదు. "ఆకలైతుంది అన్నా" అన్నాడు. అనుమానం ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, వస్తే రానిచ్చి తన పని తను చేసుకుంటాడు.

మీ రూములో ఎవరికైనా ఇలాంటి అనుమానాలు, చేసిందే చేయడాలు రోజుకు గంటకు మించి తినేస్తుంటే, లేక ఎవరైనా బతకాలని లేదు అంటుంటే, ఆలస్యం చేయకండి. టెలీ మానస్ 14416, ఫ్రీ, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ఎర్రగడ్డలో ఉన్నది సర్కారు దవాఖాన, తిట్టు కాదు. ఒంటరిగా పంపకండి, తోడు పోండి. ఎవరికైనా తోడు కావాలంటే కామెంట్‌లో వద్దు, ఇన్‌బాక్స్‌లో రాయండి. మేం నలుగురం ఇంకా అదే రూములో ఉన్నాం.