చేతికి చిక్కని గుండెదడ



మనము నిద్రించుచున్నను మేలుకొనియున్నను మన గుండె నిమిషమునకు ఇంచుమించు 70 మారుల వంతున, దినమునకు లక్ష మారులు కొట్టుకొనుచు తన పని తాను చేయుచుండును. ఆ పని మనకు తెలియదు. తెలియకుండుటయే ఆరోగ్యము. నా 40వ యేట మొదలుకొని 7 సంవత్సరములు నా గుండె కొట్టుకొనుట నాకు తెలియుచుండెను. ఆ బాధను గూర్చియు, దానికి జరిగిన చికిత్సను గూర్చియు, పిమ్మట నేను కోలుకొనిన విధమును గూర్చియు వ్రాయుచున్నాను. మన గ్రామములలో ఈ బాధ గలవారు కొందరు “పరీక్షలో ఏమీ లేదన్నారు” అని చెప్పి ఊరకుండుట చూచితిని గనుక వ్రాయవలెనని తోచినది.

నేను రేపల్లె దగ్గర ఒక గ్రామములో బడిపంతులమ్మను. నా పుట్టినిల్లు తెనాలి. మా అమ్మాయి కాపురము బాపట్లలో. కావున నా జబ్బు కూడ ఈ మూడు ఊళ్ల నడుమనే తిరిగినది. మొదటి సారి అది వచ్చినప్పుడు నేను నల్లబల్లపై లెక్క వ్రాయుచుంటిని. జారిపడిన సుద్దముక్క కొరకు వంగి లేచితిని. అంతే, వలలో పడిన పిట్ట రెక్కలు కొట్టుకొనినట్లు రొమ్ములో ఆరంభమయ్యెను. మెల్లమెల్లగా హెచ్చినది కాదు. మీట నొక్కగనే దీపము వెలిగినట్లు వచ్చెను. గొంతులో కూడ కొట్టుకొనుట తెలియుచుండెను. కుర్చీలో కూలబడితిని. పిల్లలు పరుగెత్తి నీళ్లు తెచ్చిరి. 20 నిమిషములైన పిమ్మట, వచ్చినట్లే, ఒక్క పెట్టున ఆగిపోయెను. నాకు చెమటలు పట్టి చేతులు వణకుచుండెను గాని, గుండె మాత్రము ఏమియు ఎరుగనట్లు నెమ్మదిగా నడచుచుండెను.

ఈ జబ్బులోని చిక్కంతయు అక్కడనే యున్నది. దడ వచ్చును, ఆటో పిలిచి, చీర సర్దుకొని, వైద్యుని గుమ్మము చేరులోపల అది పోవును. ఈ.సీ.జీ. తీసిన యెడల గీతలన్నియు చక్కగా నుండును. ఒక వైద్యులు “గ్యాసు, అమ్మా” అనిరి. మరియొకరు నరముల బలహీనత యని నిద్రమాత్రలు వ్రాసిరి. మా అత్తమ్మ జీలకర్ర కాచిన నీళ్లిచ్చెను. (అవి త్రాగుటకు హాయిగనే యుండెను, దడ మాత్రము వానిని లెక్కచేయలేదు.) ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి నా చేయి పట్టుకొని, “విశ్వాసం బలపడితే ఈ భయం పోతుంది, అక్కా” అనెను. ప్రేమతోనే అనెను. ప్రక్కనున్న పాస్టరమ్మ గారు, “మలేరియా వచ్చినవాళ్లతో అలా అంటామా, అమ్మా?” అనిరి. ఆ యొక్క మాట నాకెంత ఆదరణ నిచ్చినదో చెప్పజాలను. నాకు భయమువలన దడ రాలేదు. దడవలన భయము వచ్చెను. మందిరములో తలుపు ప్రక్కనే కూర్చుండుట అలవాటు చేసికొంటిని. తెనాలి బండిలో ఒంటరిగా పోవుట మానితిని. ఒక రాత్రి మా వారు గడియారము ఎదుట పెట్టుకొని నా నాడి పట్టి చూచిరి. 30 సెకండ్లకు 92. తప్పు లెక్కించితినేమో యని మరల చూచిరి, మరల 92. అనగా నిమిషమునకు 184.

అది తుదకు చిక్కినది బాపట్లలో. సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి యింటికి పోయియుంటిని. ఒకనాటి ఉదయము దుప్పట్లు మడచుచుండగా దడ పట్టుకొనెను. మా అమ్మాయి నన్ను ఆలోచించుకొననీయక, ఇంటిలో కట్టుకొనిన చీరతోనే ఆటో ఎక్కించి దగ్గరనున్న ఆసుపత్రికి తీసికొనిపోయెను. దడ ఆగకమునుపే నర్సు నా రొమ్ముమీద తీగలు అంటించెను. యంత్రమునుండి కాగితము వెలువడుచుండగా చిన్నవాడైన ఆ డాక్టరు గారు దానిని చూచి, “దొరికిందమ్మా! ఈ కాగితం పారేయకండి” అనిరి. 7 సంవత్సరములలో నా మాట నిజమని చెప్పిన మొదటి సాక్షి ఆ కాగితము.

ఆయన మందు వేయుటకు ముందు నాచేత ఒక పని చేయించిరి. సగము కూర్చుండబెట్టి, సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి నోటికిచ్చి, దానిలోని పిడి కదలునట్లు 15 సెకండ్లు బిగబట్టి ఊదుమనిరి. వెంటనే వెల్లకిల పరుండబెట్టి నా రెండు కాళ్లు 15 సెకండ్లు పైకెత్తి పట్టిరి. ఇంగ్లాండులో 428 మందిపై పరీక్షించి 2015లో ప్రకటించిన పద్ధతి ఇది. కాళ్లెత్తక ఊదినవారిలో నూటికి 17 మందికి దడ ఆగగా, ఈ విధముగ చేసినవారిలో 43 మందికి ఆగెను. ఖర్చు లేని వైద్యము. నాకు మాత్రము ఆగలేదు. అప్పుడు చేతి నరములోనికి అడినోసిన్ అను మందు వేసిరి. కొన్ని సెకండ్లపాటు చీకటి బావిలోనికి జారిపోవుచున్నట్లుండెను. పిమ్మట గుండె ఒక్కటి కొట్టి, ఆగి, మరల మామూలు నడకలో పడెను. ఆ జారుడు ఎట్లుండునో ముందుగనే చెప్పి నా చేయి పట్టుకొనిన ఆ నర్సును నేను మరువలేదు.

ఆ కాగితము తీసికొని తెనాలిలో ఒక గుండె వైద్యుని చూచితిమి. ఆయన మన ప్రాంతమువాడే గనుక మనకు తెలిసిన పోలికలతో బోధపరచిరి. గుండె పై భాగమున ఒక చిన్న కణుపు గలదు. కాలువ లాకు దగ్గర లస్కరు సమయమునకు తలుపులెత్తినట్లు, అది విద్యుత్ సంకేతమును పంపుచుండును. దానిని 1907లో కీత్, ఫ్లాక్ అను బ్రిటిషువారు కనుగొనిరి. పై గదులకును క్రింది గదులకును నడుమ మరియొక కణుపు గలదు. దానిని 1906లో తవారా అను జపాను దేశపు వైద్యుడు జర్మనీలో పని చేయుచు వర్ణించెను. అది లాకువంటిది, సంకేతమును క్షణకాలము నిలిపి క్రిందికి వదలును. కొందరికి ఆ లాకు దగ్గర ఒక దారికి బదులు రెండు దారులుండును. ఒకటి వడిగలది, ఒకటి నెమ్మదియైనది. ఎప్పుడైన సంకేతము నెమ్మది దారిన దిగి, వడి దారిన పైకెక్కి, గానుగెద్దువలె గుండ్రముగ తిరుగుట మొదలుపెట్టును. అది చుట్టు తిరిగినప్పుడెల్ల గుండె ఒక మారు కొట్టుకొనును. అందుకే మీట నొక్కినట్లు వచ్చుట, మీట నొక్కినట్లు పోవుట. దీనిని ఎస్.వి.టి. అను జబ్బులలో ఒకటిగా చెప్పుదురు.

“మాత్రలు రోజూ వేసుకోవచ్చు. లేదా ఆ నెమ్మది దారిని కాల్చేయవచ్చు” అనిరి. గుండెలో కాల్చుట యను మాట విని మా వారి ముఖము పాలిపోయెను. నాకును చేతులు చల్లబడెను. నూటికి 95 మందికి పైగా ఇది నయమగుననియు, నూటికి ఒకరికో అంతకంటె తక్కువమందికో నడిమి కణుపే దెబ్బతిని పేస్‌మేకరు పెట్టవలసివచ్చుననియు ఆయన దాచక చెప్పిరి. అపాయమును కూడ చెప్పిన వైద్యునిపై నాకు నమ్మకము హెచ్చెను.

ఈ చికిత్స ఎట్లు వచ్చినదో తెలిసికొనిన తరువాత కొంత ధైర్యము కలిగెను. 1968లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున డాక్టర్ విల్ సీలీ అను శస్త్రవైద్యుడు, పుట్టుకతోనే గుండెలో అదనపు దారియున్న ఒకనికి రొమ్ము తెరచి ఆ దారిని కోసివేసెను. ఆ రోగి చేపలు పట్టి బ్రతుకువాడు. మన నిజాంపట్నమువారివలె సముద్రముమీద పని చేయువాడు నడిసముద్రమున దడ పట్టినప్పుడు ఏమి చేసియుండునో యని నేను పలుమారులు తలంచుకొంటిని. 1981లో శాన్ ఫ్రాన్సిస్కోలో డాక్టర్ షైన్‌మన్ రొమ్ము తెరువకయే, సిరగుండ పంపిన తీగతో విద్యుద్ఘాతమిచ్చి ఈ విధమైన చికిత్స చేసెను. పిమ్మట ఘాతమునకు బదులు రేడియో తరంగముల వేడిని వాడుట వచ్చెను. సీలీ చేతి క్రింద పరుండిన ఆ జాలరికి ఎముకలు కోసిరి. నాకు గజ్జలో ఒక సూదిపోటు.

నా చికిత్స విజయవాడలో జరిగెను. రాత్రినుండి ఏమియు తిననీయలేదు. చల్లని గదిలో ఇరుకైన బల్లపై పరుండబెట్టి, కుడి గజ్జలో మత్తుసూది వేసి, సిరగుండ మూడు నాలుగు సన్నని తీగలు గుండెవరకు పంపిరి. తీగలు పోవుట నొప్పి తెలియదు. పూర్తిగా నిద్రపుచ్చరు, మత్తు ఎక్కువైన దడ రాకపోవచ్చునట. అవును, దడను రప్పించుటయే మొదటి పని. డాక్టరు గారు అద్దము వెనుకనుండి, “ఇప్పుడు మీ దడను మేమే తెప్పిస్తాం, భయపడకండి అమ్మా” అనిరి. గుండె ఒకటి రెండు మారులు తడబడి, పిమ్మట ఆ పాత పిట్ట రెక్కలు విప్పెను.

“ఇదేనా అమ్మా, మీకు వచ్చేది?”

“ఇదేనండి” అంటిని. కన్నీరు ఆగలేదు. నొప్పివలన కాదు. ఇన్నేండ్లు నేనొక్కతెనే ఎరిగిన దానిని ఆ గదిలోని ఆరుగురు తెరమీద చూచుచుండిరి. ఎవరును గ్యాసనలేదు.

దడను ఆపి, చోటు వెదకి, కాల్చుట ఆరంభించిరి. తీగ కొన తగిలిన చోట వేడి 50 డిగ్రీలు దాటిన యెడల ఆ కొద్దిపాటి కండ విద్యుత్తును మోయు శక్తిని కోల్పోవును; కాలినది కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. నాకు రొమ్ములో కొంచెము మంట, దవడవరకు లాగినట్లు నొప్పి తెలిసెను. తరువాత దడను రప్పింపవలెనని మరల మరల ప్రయత్నించిరి. అరగంట వేచి చూచి మరల ప్రయత్నించిరి. రాలేదు.

తీగలు తీసి గజ్జపై గట్టిగా అదిమిపట్టి, కాలు వంచక 6 గంటలు పరుండవలెననిరి. చికిత్సకంటె ఆ 6 గంటలే నాకు కష్టమయ్యెను. నడుము విరిగినట్లుండెను. మరునాడు ఇంటికి పంపిరి. తొడమీద వంకాయ రంగున కమిలి, రెండు వారములకు పసుపుపచ్చగా మారి పోయెను. బరువులెత్తవద్దు, గొంతుకూర్చుండవద్దు అనిరి. మన పల్లెలలో ఆడువారికి ఇది ఎంత కష్టమో డాక్టర్లకేమి తెలియును? నీళ్ల బిందె మా వారు మోసిరి. వీధివారు చూచి నవ్విరి, ఆయనయు నవ్వెను. గజ్జలో ఉబ్బు పెరిగినను, రక్తము కారినను, జ్వరము వచ్చినను, కాలు వాచినను, ఊపిరి ఆడకున్నను వెంటనే రావలెనని కాగితముమీద వ్రాసియిచ్చిరి. అవేవియు నాకు కలుగలేదు.

అయితే ఎవరును ముందుగా చెప్పని సంగతి ఒకటి యున్నది. గుండె బాగుపడిన దినముననే మనసు బాగుపడదు. మొదటి వారములలో అప్పుడప్పుడు గుండె ఒక అడుగు తప్పినట్లు, లేక ఒక అడుగు అదనముగ వేసినట్లుండెను. అట్టిది కలిగినప్పుడెల్ల, “ఇదిగో, మరల వచ్చినది” అని మంచముపై లేచి కూర్చుండి నాడి పట్టుకొనుచుంటిని. కాలిన చోటు మానువరకు ఇట్లుండుట కలదనియు, అది దడగా మారనంతవరకు భయములేదనియు తెనాలి డాక్టరు గారు చెప్పిరి. చెప్పినను చేయి మణికట్టును వెదకుచునే యుండెను. ఏడేండ్లు కావలికాసిన కుక్క దొంగ పోయెనని చెప్పినంత మాత్రమున నిద్రించునా? మూడవ నెలలో ఒక ఆదివారము ఆలస్యముగ పోయితిని. తలుపు ప్రక్క చోటు లేక, ముందు వరుసలో కూర్చుంటిని. మూడవ పాట పాడుచుండగా గాని ఆ సంగతి గుర్తింపలేదు. దాని తరువాతి వారము తెనాలి బండిలో ఒంటరిగా పోయి మా అమ్మను చూచి వచ్చితిని.

దడలన్నియు ఒకటి కావని కూడ చెప్పవలెను. నాడి వేగముగ నుండుటయేగాక క్రమము తప్పి కొట్టుకొనునది వేరొక జబ్బు. దానిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. చిన్నతనమున కీళ్లవాతపు జ్వరము వచ్చి గుండె కవాటములు చెడినవారికి అది తరచుగ వచ్చును. దానివలన గుండెలో రక్తము గడ్డకట్టి మెదడునకు పోయి పక్షవాతము కలుగవచ్చును గనుక, అట్టివారు గడ్డకట్టకుండ ఇచ్చు మందును డాక్టరునడుగక మానరాదు. దానికి కూడ కొందరికి కాల్చు చికిత్స చేయుదురు. ఊపిరితిత్తులనుండి వచ్చు సిరల మొదళ్లలో అది పుట్టునని 1998లో ఫ్రాన్సులోని బోర్డోలో కనుగొనిరి. అయితే అది నా చికిత్సకంటె పెద్దది, మరల చేయవలసివచ్చుటయు కలదు. దడతో స్పృహ తప్పినను, రొమ్ములో నొప్పి వచ్చినను ఇంటిలో జీలకర్ర నీళ్లు కాచుచు కూర్చుండక 108కి ఫోను చేయుడు. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ముందుగనే అడిగి తెలిసికొనుడు, అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

బాపట్లలో తీసిన ఆ ఈ.సీ.జీ. కాగితము ఇప్పటికిని నా పెట్టెలో, బట్టల మడతల నడుమ నున్నది. అది సిరాతో వ్రాసినది కాదు, వేడిచే అచ్చుపడు కాగితమట. ఎండ తగిలినను, ఏండ్లు గడచినను గీతలు వెలిసిపోవును. నాది అప్పుడే బూడిదరంగు తిరిగినది. మా అమ్మాయి ఆనాడే ఫోనుతో దాని ఫొటో తీసియుంచెను గనుక సరిపోయెను. మీ యింట ఎవరికైన దడ ఉండగా తీసిన కాగితము దొరికిన యెడల, ఆసుపత్రి గడప దాటకమునుపే ఫొటో తీసికొనుడు.