గుంటూరులో మిరపకాయల బేరం

గుంటూరు మిరప యార్డుకు వెళ్లదలచుకొన్నవారు రెండు జేబురుమాళ్లు వెంట తీసుకొనివెళ్లడం మంచిది. ఒకటి ముక్కుకు, ఒకటి కళ్లకు. నేను ఒక్కటే తీసుకొనివెళ్లాను. ఆ పొరపాటు చుట్టుగుంట సెంటరు దాటకముందే తెలిసివచ్చింది. ఆటో అబ్బాయి నా తుమ్ములు ఏడుదాకా లెక్కపెట్టి, "ఊరికి కొత్తా, బాబాయిగారూ?" అని అడిగాడు.

కొత్తే మరి. ముప్ఫయ్యయిదేళ్లు కాగితాల మధ్య గుమాస్తాగిరీ చేసి రిటైరయిన నన్ను, మిరపకాయలు కొనుక్కురమ్మని పంపించింది మా అక్కయ్య. ఆమెకు హైదరాబాదులో పచ్చళ్ల వ్యాపారం ఉంది. వ్యాపారమంటే ఫ్యాక్టరీ అనుకొనేరు! ఇంటి వెనుక రెండు గదులు, పనికి నలుగురు ఆడవాళ్లు, గోడవారగా వరుసగా జాడీలు. అంతే. ఆ జాడీలకు ఏడాదికి ఆరు క్వింటాళ్ల ఎండుమిరపకాయలు కావాలి. ఏటా బావగారే వచ్చి కొనుక్కుపోయేవారు. 2025 ఫిబ్రవరిలో ఆయనకు మోకాళ్ల నొప్పులు పట్టుకోవడంతో ఆ పని నా నెత్తిన పడింది.

"ధర బాగా పడిపోయిందట. ఇంతకంటె మంచి అదను దొరకదు. ఆరు క్వింటాళ్లూ ఒక్కసారే చవగ్గా కొట్టుకొచ్చెయ్యి" అన్నారు బావగారు.

అక్కయ్య మాత్రం, "ముందు అన్నీ చూడరా. కొనేముందు నాకొకసారి ఫోను చెయ్యి" అన్నది.

ఆ రెండు మాటలకూ మధ్య ఎంత దూరముందో అప్పుడు నాకు తెలియలేదు.

యార్డులో అడుగుపెట్టగానే ఎటు చూచినా టిక్కీలే. టిక్కీ అంటే మిరపకాయల గోనెసంచి. నలభై కిలోల పైచిలుకు తూగుతుంది. లారీలమీద టిక్కీలు, షెడ్లనిండా టిక్కీలు, హమాలీల వీపులమీద టిక్కీలు. మా కమీషన్ ఏజెంటుగారి గుమాస్తా నన్ను వెంటపెట్టుకొని తిప్పుతూ పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. తేజ రకం సన్నగా పొట్టిగా ఉంటుంది. ఆకారం చూచి మోసపోకూడదు, కారమంతా దానిదే. బ్యాడిగి రకం ఒళ్లంతా ముడతలు. కారం తక్కువ, రంగు ఎక్కువ. 334 రకం రెండింటికీ నడుమ. పచ్చళ్లవాళ్లకు అదే ప్రాణం. రంగు వెలిసి తెల్లబారిన కాయ తాలు. కొనేవాడు సంచిలో చెయ్యిపెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. గలగలమంటే ఎండినట్లు, మెత్తగా నలిగితే తడి ఉన్నట్లు. తడి కాయ నాలుగు నెలల్లో బూజు పడుతుంది.

"334 ఇవాళ పదివేల అయిదువందలు, క్వింటాలు" అన్నాడు గుమాస్తా.

ఆ ధర వెనుక పెద్ద కథే ఉంది. 2021-22 పంటకాలంలో నల్ల తామరపురుగు వచ్చి మిరపతోటలను పూతమీదనే పీల్చివేసింది. కాయ కరవై, 2023లో క్వింటాలు 20,000 రూపాయలు దాటిపోయింది. ఆ ధర చూచి రైతులు ఆశపడ్డారు. తరువాత శీతల గిడ్డంగులలో పాత సరుకు మిగిలిపోయింది, ఎగుమతుల గిరాకీ మందగించింది. 2025 నాటికి ధర సగానికి దిగింది. గగ్గోలు పుట్టగా ఆ ఫిబ్రవరిలోనే కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం క్రింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలని నిర్ణయించింది.

ఒక మూల తన టిక్కీల మీద ఒక రైతు కూర్చుని ఉన్నాడు. ఉదయంనుంచి ఇద్దరు వ్యాపారులు వచ్చి చెయ్యిపెట్టి చూచి వెళ్లిపోయారట. అతడు ఎవరినీ పిలవడం లేదు. ఎవరైనా దగ్గరకు వస్తే మాత్రం లేచి నిలబడుతున్నాడు. బావగారు చెప్పిన మంచి అదను అంటే ఇదన్నమాట! నేను ముక్కు తుడుచుకొని అక్కయ్యకు ఫోను చేశాను.

"పదివేల అయిదువందలే అక్కయ్యా! ఆరూ కొనేస్తాను" అన్నాను, మెప్పుకోసం.

"రెండు కొను. ఏజెంటుగారిని మనం వదులుకోకూడదు. మిగిలిన నాలుగూ ప్రత్తిపాడువైపు ఒక ఊరు వెళ్లి తేవాలి" అని ఊరూ పేరూ చెప్పింది. "ఆయనకు పదకొండువేల ఏడువందల ఎనభయ్యొకటి ఇయ్యి. బేరమాడకు."

గుమాస్తా బుద్ధి ఊరుకుంటుందా? క్వింటాలుకు 1,281 రూపాయలు ఎక్కువ. నాలుగింటికి 5,124. "అక్కయ్యా, దానం చెయ్యదలచుకొంటే గుడికి ఇవ్వరాదా?" అన్నాను.

"2020 వేసవి మరిచిపోయావటరా?" అన్నది.

నేను మరిచిపోలేదు, నాకు తెలిసినది సగమే. ఆ ఏడాది మొదట్లో చైనా కొనుగోళ్లు ఆగిపోయి ధర తగ్గుతుంటే, ఇంకా తగ్గుతుందని బావగారు ఆగారు. ఇంతలో మార్చి నెలలో కరోనా లాక్‌డౌన్ వచ్చిపడింది. యార్డు మూతపడింది. కాయ గుంటూరులో, జాడీలు హైదరాబాదులో! మామిడికాయ ఎవరికోసమూ ఆగదుకదా. ఆవకాయ పెట్టకపోతే ఆ ఏడాదికి వ్యాపారం లేదు, నలుగురు ఆడవాళ్లకు జీతం లేదు. పెద్ద వ్యాపారులెవరూ ఫోను ఎత్తలేదు. ఎప్పుడో ఒకసారి యార్డులో పరిచయమైన ఈ రైతు ఎత్తాడు. కూరగాయల బండి ఒకటి హైదరాబాదు వస్తుంటే అందులో ఐదు టిక్కీలు వేసి పంపాడు. ఎంత అడిగినా ఇవ్వవలసిన సమయం. ఆయన మూతపడకముందు యార్డులో ఉన్న ధరే తీసుకొన్నాడు.

"2022లో పురుగు ఆయన తోటను తినేసింది. మరుసటి పంటకని ఇరవైవేలు అడ్వాన్సు పంపాను. 2023లో కాయ దొరక్క అందరూ అల్లాడుతుంటే ధర ఒక్క రూపాయి తగ్గించలేదుగాని, మొదటి కోత మనకే పెట్టాడు. అప్పుడు మనకు కావలసింది చవక కాదు, కాయ. ఇప్పుడు చెప్పు, దానం ఎవరు ఎవరికి చేశారో" అని ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం గుమాస్తా నన్నొక శీతల గిడ్డంగికి తీసుకొనివెళ్లాడు. బయట కణకణలాడే ఎండ. లోపల శాలువా లేనిదే నిలవలేని చలి. చీకట్లో అంతస్తులు అంతస్తులుగా టిక్కీలు నిద్రపోతున్నాయి. వేడి, వెలుతురు, తడి, ఈ మూడూ తగలకపోతే కాయ రంగు నిలుస్తుందట. వేసవిలో యార్డుకు సెలవులిస్తారు. ఆ తరువాత అమ్మకానికి వచ్చేది ఎక్కువగా ఈ సరుకే. గిడ్డంగి రసీదుమీద బ్యాంకులు అప్పుకూడా ఇస్తాయి. ధర లేనప్పుడు రైతు ఇక్కడ దాచుకొని ఎదురుచూస్తాడు. అయితే అద్దె, వడ్డీ మాత్రం నిద్రపోవు.

అక్కడి ఉద్యోగి ఒకాయన 2020 కబురు మరొకటి చెప్పాడు. బంగ్లాదేశ్‌కు మిర్చి అంతకుముందు లారీలలో వెళ్లేది. లాక్‌డౌనులో ఆ దారి మూసుకుపోయింది. గూడ్సు బండి కావాలంటే ఒక్కసారికి కనీసం 1,500 టన్నులు నింపాలి. చిన్న వ్యాపారులకు అది అయ్యేపని కాదు. అప్పుడు రైల్వేవారు తక్కువ సరుకుకు పార్సిలు బండి ఏర్పాటు చేశారు. 2020 జూలైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెంనుంచి 16 పార్సిలు వ్యాగన్లలో 384 టన్నుల మిర్చి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లింది. లారీకి టన్నుకు 7,000 రూపాయలయ్యేది, రైలులో 4,608 అయింది. దేశం సరిహద్దు దాటిన మొట్టమొదటి ప్రత్యేక పార్సిలు రైలు అదేనట. "దారి మూసుకుపోతేగాని రెండో దారి కనబడలేదండీ" అన్నాడాయన నవ్వుతూ. రెండో దారి ముందే వేసిపెట్టుకొన్న మా అక్కయ్య నాకు గుర్తుకువచ్చింది.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి రైతుగారి ఊరు చేరాను. ఊరి వెలుపల కల్లాలన్నీ ఎర్రగా, తివాచీలు పరచినట్లున్నాయి. ఆడవాళ్లు వరుసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. రైతుగారు అరవై దాటిన మనిషి. "అమ్మగారి తమ్ముడుగారా? రండి బాబూ, రండి" అని మజ్జిగ ఇప్పించాడు. కుశలప్రశ్నలయ్యాక, "యార్డులో ఎంత ఉంది బాబూ?" అని నెమ్మదిగా అడిగాడు.

చెప్పాను. ఆయనకు తెలిసిన ధరే. ఎవరైనా వేరే సంగతి చెబుతారేమోనని అడిగినట్లున్నాడు. ఆ తరువాత అక్కయ్య ఇమ్మన్న అంకె చెప్పాను. ఆయన చాలాసేపు కల్లంవంక చూస్తూ ఊరుకొన్నాడు.

"అంత వద్దు బాబూ. కమీషను, కిరాయి నాకు మిగిలాయిగదా. పదకొండువేలు చాలు" అన్నాడు.

"బేరమాడవద్దని అక్కయ్య ఆజ్ఞ. నేను తప్పలేను" అన్నాను. అమ్మేవాడు తగ్గిస్తుంటే కొనేవాడు పెంచే బేరం నా జన్మలో అదే మొదటిది.

కాటా వేయించాడు. నాలుగు క్వింటాళ్లు తూగినాక, మంచి కాయ ఏరి రెండు దోసిళ్లు కొసరు వేశాడు. రెండు క్వింటాళ్లు ఆవకాయకని నాతో హైదరాబాదుకు; రెండు క్వింటాళ్లు దసరాదాకా నిలవకని గిడ్డంగికి. ఏజెంటుగారివద్ద కొన్న రెండూ లారీలో వెనుక వచ్చాయి.

ఇంటికి వచ్చి లెక్క అప్పజెప్పాను. బావగారు అంకెలు చూచి ఒక్క నిట్టూర్పు విడిచి, మోకాళ్లు రుద్దుకొంటూ ఊరుకొన్నారు. అక్కయ్య పద్దు పుస్తకం తీసింది. నాకు గుమాస్తా సందేహం పోలేదు.

"ఆ ఎక్కువిచ్చిన 5,124 రూపాయలు ఏ పద్దుక్రింద వ్రాస్తావు? ధర్మమనా, భీమా అనా?"

అక్కయ్య కళ్లజోడు సర్దుకొని నావైపు విచిత్రంగా చూచింది.

"మిరపకాయల ఖరీదు" అని వ్రాసుకొని పుస్తకం మూసింది.