రేకుల ఇళ్ల రాజధాని!

మన దగ్గర రేకుల ఇల్లంటే ‘ఇంకా శ్లాబు వేయలేదు’ అని అర్థం. పెళ్లి సంబంధాల దగ్గర కాస్త మొహమాటపడుతూ చెప్పుకునే మాట. కానీ ఓ దేశం ఉంది... అక్కడ రాజధాని నడిబొడ్డున ఉన్న పాత ఇళ్లకి పైకప్పే కాదు, నాలుగు గోడలూ రేకులే. చర్చికీ రేకులే. ఊరి బయట గొర్రెల కొట్టానికీ, గడ్డి దాచే షెడ్డుకీ రేకులే. ఆ ఇళ్ల ముందు నిలబడి పర్యటకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటారు!

ఆ దేశం ఐస్‌లాండ్. రాజధాని రేక్యావిక్. ప్రపంచంలోని స్వతంత్ర దేశాల రాజధానుల్లో అన్నిటికంటే ఉత్తరాన ఉన్నది ఇదే.

ఈ ఊరిని చూడ్డం ఎక్కడ మొదలుపెట్టాలీ అంటే హాల్‌గ్రిమ్స్‌కిర్క్యా చర్చి దగ్గరే. గుట్టమీద కట్టిన 74 మీటర్ల కాంక్రీటు చర్చి అది. లిఫ్టులో గోపురం పైకి వెళ్లి కిందకి చూస్తే ఎవరో రంగుల అగ్గిపెట్టెలు పరిచినట్టు ఉంటుంది ఊరు. ఎర్ర కప్పులూ పచ్చ కప్పులూ నీలం కప్పులూ... వాటి వెనక సముద్రం, ఆ పైన మంచు కొండలు. కిందికి దిగి థింగ్‌హోల్ట్ వీధుల్లోకి నడిచి ఓ ఇంటి గోడని దగ్గరగా చూస్తే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. అది రంగేసిన చెక్క కాదు, సిమెంటు కాదు. మన ఊళ్లో కోళ్ల షెడ్డుకి వాడే అలల రేకు! కాకపోతే అలలు నిలువుగా ఉంటాయి. కిటికీల చుట్టూ తెల్లరంగేసిన చెక్క చట్రాలు, గుమ్మం ముందు మెట్లు, పూలకుండీలు.

ఊరి మధ్యలో ట్యోర్నిన్ అనే చెరువుంది. బాతులకీ హంసలకీ పేరు. దాని ఒడ్డున తెల్లటి గోడలతో, పచ్చటి కప్పుతో నీళ్లలో నీడ చూసుకుంటున్నట్టుండే ఫ్రీకిర్క్యాన్ చర్చి కూడా చెక్కతో కట్టి రేకు తొడిగినదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టారు, ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. 

గడ్డి గోడల నుంచి...

ఇంతకీ వీళ్లకి రేకులమీద ఇంత ప్రేమ ఎందుకు? ప్రేమ కాదు, అవసరం. తొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడికి జనం వలస వచ్చినప్పుడు చాలాచోట్ల బర్చ్ అడవులుండేవట. వంటచెరకుకీ, బొగ్గుకీ కొట్టేశారు. మిగిలిన మొక్కల్ని గొర్రెలు మేసేశాయి. ఇప్పుడు దేశం మొత్తమ్మీద అడవి సుమారు రెండు శాతమే. మరి ఇల్లు కట్టాలంటే? రాళ్లు పేర్చి, మట్టితో సహా కోసిన గడ్డి పెళ్లలు గోడలుగా, కప్పుగా పరిచేవాళ్లు. వందల ఏళ్లపాటు పల్లెల్లో అవే ఇళ్లు. ఉత్తరాన ఉన్న గ్లాయిమ్‌బైర్‌లో అలాంటి ఇళ్ల గుంపుని మ్యూజియంగా కాపాడుకుంటున్నారు. లోపల వెచ్చగానే ఉంటుంది, కానీ చెమ్మ. గోడలకి తరచూ మరమ్మతు చేయాల్సిందే.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో నార్వే నుంచి చెక్క ఓడల్లో రావడం ఎక్కువైంది. కొన్ని ఇళ్లనైతే అక్కడే కోసి, భాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించేవాళ్లు. అందంగానే ఉన్నాయి. కానీ ఐస్‌లాండ్ వాన పైనుంచి పడదు, గాలితోపాటు పక్కనుంచి కొడుతుంది. గొడుగు వేసుకుంటే తిరగబడిపోతుంది! ఆ ఉప్పు వానకి చెక్క గోడలు నాని, గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి పాడవసాగాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటన్ నుంచి వచ్చే ఓడల్లో అలల రేకులు దిగాయి. తేలిక, ఓడలో ఒకదానిమీద ఒకటి పేర్చితే చోటు పట్టవు, సుత్తీ మేకులూ ఉంటే చాలు. జనం ముందు కప్పులకి వేసుకున్నారు. తర్వాత గాలివాటు గోడకి కొట్టుకున్నారు. ఆ తర్వాత ఇల్లంతా తొడిగేశారు.

ఈ రేకుకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘బారుయార్న్’. ‘బారా’ అంటే అల, ‘యార్న్’ అంటే ఇనుము. అలల ఇనుము!

మడతలోనే బలం

అలల రేకు పుట్టింది లండన్‌లో. అక్కడి ఓడరేవు కంపెనీ ఇంజినీరు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. సూత్రం చాలా తేలిక. ఓ కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెడితే మధ్యలో కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి చూడండి... పైన పెన్సిలు పెట్టినా నిలుస్తుంది. పల్చటి ఇనుముకి అలలు తెచ్చిన బలం అదే. కానీ తుప్పు సంగతి? దానికి మందు 1837లో దొరికింది. కరిగిన జింకులో ఇనుముని ముంచి పూత పట్టించే పద్ధతికి ఫ్రాన్స్‌లో స్టానిస్లాస్ సొరెల్ పేటెంటు పొందాడు. జింకు పూత నీళ్లని అడ్డుకోవడమే కాదు, గీత పడినచోట ఇనుముకి బదులు ముందు తాను కరుగుతూ దాన్ని కాపాడుతుంది. మనవాళ్లు ‘జింకు రేకులు’ అని ఊరికే అనలేదు.

రేక్యావిక్‌లో రేకుకి మరో కారణం కూడా కలిసొచ్చింది... నిప్పు! 1915 ఏప్రిల్‌లో ఊరి నడిమధ్యలో మంటలు లేచి పన్నెండు ఇళ్ల దాకా బూడిదయ్యాయి. ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత చెక్క ఇళ్లమీద ఆంక్షలు వచ్చాయి, కాంక్రీటు రోజులు మొదలయ్యాయి. చెక్క ఇంటికి రేకు తొడుగు ఉంటే ఎగిరిపడే నిప్పురవ్వల నుంచి కొంత రక్షణ. చెక్క ఇళ్లు కొత్తగా కట్టడం తగ్గిపోయినా, ఉన్నవాటిని అలా నిలబెట్టుకుంటూ వచ్చారు. కాంక్రీటు మోజులో ఆ పాత ఇళ్లని కూల్చేద్దామని చూసిన రోజులూ ఉన్నాయి. 1970ల్లో రేక్యావిక్ జనం అడ్డంపడి పాత చెక్క ఇళ్లని కాపాడుకున్నారు. ఇప్పుడవే ఊరికి గుర్తు.

రేకు వెనకాల...

ఇక్కడే మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ ఇళ్లల్లో ఎవరూ రేకు మధ్య కాపురం చేయట్లేదు. లోపల చెక్క చట్రం, దానికి పలకలు, వాటిమీద తారు పట్టించిన కాగితం, ఆ పైన రేకు. చలిని ఆపేది లోపలి పొరలు. వాననీ గాలినీ ఆపేది రేకు. అంటే రేకు ఇల్లు కాదు, ఇంటికి తొడిగిన రెయిన్‌కోటు! అలలు నిలువుగా ఉంటే నీళ్లు నిలవకుండా జారిపోతాయి. రేకుమీద రేకు ఎక్కే అంచుని గాలి వచ్చే దిక్కుకి ఎదురుగా పెట్టకూడదు, పెడితే వాన లోపలికి దూరుతుంది. ఇంకో రహస్యం రంగు. ఆ ఎరుపూ నీలమూ అందం కోసమే కాదు, జింకు పూత అరిగిపోకుండా కాపాడేదీ ఆ రంగే. కొన్నేళ్లకోసారి గీకి, తుడిచి, మళ్లీ వేయాల్సిందే. వందేళ్ల రేకిల్లు అంటే వందేళ్లుగా ఎవరో ఒకరు బ్రష్షు పట్టుకున్న ఇల్లన్నమాట.

ఊరు దాటి పల్లెల్లోకి వెళ్తే పచ్చటి మైదానాల మధ్య ఎర్ర కప్పుల కొట్టాలు కనిపిస్తాయి. గొర్రెల కొట్టాలకి లోపలి పొరలు అక్కర్లేదనిపిస్తుంది, కానీ గాలి మాత్రం ఆడాలి. పశువుల ఊపిరిలోని ఆవిరి చల్లటి రేకుకి తగిలి బొట్లుబొట్లుగా కిందపడుతుంది. మూత్రం, పేడ నుంచి వచ్చే అమ్మోనియా లోపలివైపు నుంచి పూతని తినేస్తుంది. బయట మెరుస్తున్న షెడ్డు లోపలినుంచి పుచ్చిపోవడానికి కారణం ఇదే. ఇది ఐస్‌లాండ్ గొర్రెలకైనా మన పాడి గేదెలకైనా ఒక్కటే.

మన ఇంటికి రావాలంటే...

వాళ్లది చలి, మనది ఎండ. కానీ ఉప్పుగాలి ఇద్దరికీ ఉంది. భీమునిపట్నం నుంచి బాపట్ల దాకా సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి రేకు ఎంత తొందరగా తుప్పుపడుతుందో చెప్పక్కర్లేదు. అందుకే కొట్టుకి వెళ్లినప్పుడు మెరుపు చూసి కొనకూడదు. చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల జింకు పూత ఉందో అడగాలి. 120 గ్రాములదీ ఉంటుంది, 275 గ్రాములదీ ఉంటుంది. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకే వాతావరణంలో పూత రెట్టింపైతే ఆయుష్షూ దాదాపు రెట్టింపే. అల్యూమినియం, జింకు కలిపి పూత పూసినవి సాధారణ గోడలకీ కప్పులకీ ఇంకా ఎక్కువకాలం వస్తాయి. కానీ తడి సిమెంటుకీ, గొడ్ల కొట్టంలోని అమ్మోనియాకీ అవి తట్టుకోవు. ఇంకోమాట... గేజ్ అంకె పెరిగితే మందం పెరిగినట్టు కాదు, తగ్గినట్టు. 22 గేజ్ కంటే 26 గేజ్ పల్చన. మిల్లీమీటర్లలో అడిగితే మోసపోయే పనుండదు.

రెండోది బిగింపు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడూ, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాని ఊడ్చినప్పుడూ రేకులు కాగితాల్లా ఎగిరాయి. గాలి ముందుగా లేపేది అంచుల్నీ మూలల్నీ. మధ్యలో కంటే అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా ఉండాలి. రేకు గట్టిగా ఉన్నా కింది చట్రం గోడకి బిగించి లేకపోతే మొత్తం కలిసే ఎగురుతుంది! స్క్రూ కింద రబ్బరు వాషరు తప్పనిసరి. రేకు కోసినప్పుడు రాలే ఇనుపరజను అక్కడే వదిలేస్తే మర్నాటికే తుప్పు మచ్చలు. చీపురుతో ఊడ్చేస్తే సరిపోతుంది.

మూడోది వేడి. రేకుకీ లోపలి పలకకీ మధ్య గాలి ఆడే ఖాళీ, పైన ఆ వేడిగాలి బయటికి పోయే దారి, బయట తెల్లటి రంగు... ఈ మూడూ ఉంటే మే నెలలో తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. ఎండని వెనక్కి కొట్టే పూత వేస్తే లోపల వేడి తగ్గుతుందని.

చివరిగా ఓ ముఖ్యమైన మాట. ‘ఇనుప రేకు ఎందుకు, సిమెంటు రేకు చల్లగా ఉంటుంది, చవక కూడా’ అంటారు చాలామంది. మన దగ్గర ఏళ్లుగా అమ్ముడైన సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. అన్నిరకాల ఆస్‌బెస్టాసూ క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. రేకుల దేశమైన ఐస్‌లాండ్ 1983లోనే దాన్ని నిషేధించింది. మన దగ్గర ఆ రేకులు ఇంకా వేలాది ఇళ్లమీద ఉన్నాయి. ఉన్నవాటిని కంగారుపడి పగలగొట్టకండి. కోసినా, రంధ్రాలు చేసినా, గీకినా లేచే దుమ్మే ప్రమాదం. మార్చాల్సి వస్తే తడిపి, పగలకుండా దించి, పిల్లల్ని దూరంగా ఉంచడం మేలు. కొత్తగా వేసుకునేవాళ్లు ఆస్‌బెస్టాస్ లేనిదేనా అని అడిగి, బిల్లుమీద రాయించుకోండి.

రేకుల ఇల్లు అని చెప్పుకోడానికి రేక్యావిక్‌లో ఎవరూ మొహమాటపడరు. కప్పు కింద చల్లగా, గాలికి ఎగరకుండా, ఊపిరితిత్తులకి హాని లేకుండా ఉంటే మనకీ ఆ మొహమాటం అక్కర్లేదు.