సింగపూరున మేము, సముద్రపు టొడ్డున అత్తగారు

పూర్వము దూరదేశమునకు పయనమైన వారిని మా నెల్లూరి వైపు పెద్దలు "చేరగానే జాబు వ్రాయుము" అని సాగనంపెడివారు. నేడు "దిగగానే ఫోను చేయుము" అనుచున్నారు. మాట మారినను దాని వెనుకనున్న బెంగ మారలేదు. జాబునకు తపాలా బిళ్ల యొక్కటి చాలును. ఫోనునకు మాత్రము ముందుగా జేసికొనవలసిన యేర్పాట్లు కొన్ని కలవు. 2023వ సంవత్సరము నవంబరు కడపటి వారమున మేము దంపతులము మా తమ్ముని కూతురి అన్నప్రాశనమునకై సింగపూరునకు బోయి, రెండు వారములుండి వచ్చితిమి. ఆ నగరమందలి తోటలను గూర్చియు, మేడలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు. పరదేశపు మహానగరమున తిరుగుచు ఇంటితో మాట తెగకుండ నుండుట యెట్లో, ఆ పదునాలుగు దినములలో మాకు దెలిసిన సంగతులను సోదరీమణులతో చెప్పుకొనుటయే మా యుద్దేశము.

మా యూరు మైపాడు సముద్రమునకు కొంచెము లోపలిగా, ఇందుకూరుపేట మండలములో నున్నది. తూర్పున ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు. ఇవతల బకింగ్‌హాము కాలువ. దాని చుట్టుపట్ల కనుచూపుమేర రొయ్యల గుంటలు. ఒకప్పుడు ఈ కాలువమీద పడవలలో బియ్యము, ఉప్పు, వంటచెరకు చెన్నపట్టణమునకు పోయెడివట. ఇప్పుడు పడవలు లేవు. కాలువ గట్టున నిలిచి జనులు ఫోనులలో మాటలాడుచుందురు, సిగ్నలు అచట బాగుగా దొరకునని. మా అత్తగారు డెబ్బది దాటిన మనిషి. ఇంటిని, పాడి ఆవును విడిచి నెల్లూరు పట్టణమున నాలుగు దినములుండుటకైనను ఒప్పుకొనరు. కార్తికమున తుఫానుల కాలమున ఆమె నొంటరిగా విడిచి పోవుట మాకు రుచింపలేదు. కాని ఆమెయే "అబ్బయా, మేనకోడలి అన్నప్రాశనమునకు మేనత్త, మామ లేకున్న బాగుండునా?" అని మా వారిని బలవంతపెట్టి పంపిరి. ఆమె చేతిలో బొత్తాముల ఫోను చిన్నది యొకటి. పొరుగింటి బాలుడు మా వారి యొద్ద ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. వాని యింట పెద్ద ఫోను కలదు గనుక, ప్రతిదినము సాయంకాలము దానిలో అత్తగారికి మా ముఖములు చూపునట్లు ఏర్పాటు.

మా జిల్లాలో పదవవంతైనను లేని ఆ ద్వీపమున 2023లో సుమారు 59 లక్షల మంది జనులు కాపురముండిరి. విమానము దిగినది మొదలు ఫోను లేనిదే యడుగు సాగదు. చాంగీ విమానాశ్రయములో ఉచిత వైఫై కలదు. దానితోనే "క్షేమముగా దిగితిమి" అని యింటికి వర్తమానము పంపవచ్చును. బయటికి వచ్చిన తరువాత డేటాకు మార్గములు మూడు. మన దేశపు సిమ్మునకే రోమింగు ప్యాకు వేయించుకొనుట మొదటిది. సులభము, కాని దినముల లెక్కన వెల యెక్కువగును. అచటి సిమ్ము కార్డు కొనుట రెండవది. దీనికి పాస్‌పోర్టు చూపవలెను. ఇ-సిమ్ము మూడవది, ఇందు కార్డే యుండదు. బయలుదేరక ముందే ఇంటియొద్ద డబ్బు చెల్లించి, వారు పంపిన క్యూఆర్ కోడును ఫోనుతో చూపించిన చాలును. అయితే అన్ని ఫోనులును దీనికి పనికిరావు, ముందుగా విచారించుకొనవలెను. ఇ-సిమ్ములలో పెక్కింటికి డేటాయే కాని ఫోను నంబరుండదని కూడ తెలిసికొనవలెను.

మా వారు విమానాశ్రయములోనే 15 డాలర్లిచ్చి సిమ్ము కొనిరి. అప్పటి మారకముచే తొమ్మిదివందల పైచిలుకు రూపాయలు. నెల్లూరి సిమ్మును తీసి సంచిలో వేయబోగా మా తమ్ముడు వారించెను. "బావగారూ, దానిని తీయకుడు. ఫోనులో రెండు సిమ్ములకు చోటున్నది. పాత సిమ్మునకు డేటా రోమింగు మాత్రము ఆపి, మాటకును సందేశమునకును రోమింగు ఉంచుకొనుడు" అనెను. బ్యాంకు వారి ఓటీపీలు పాత నంబరునకే వచ్చును గనుక ఈ సలహా మంచిదనుకొంటిమి. దాని విలువ యింకను పెద్దదని తరువాత దెలిసినది. వాట్సాపు విషయమున చింత లేదు. డేటా యే సిమ్ముదైనను అది పాత నంబరుమీదనే నడచును.

ఇంకొక చిన్న మాట. అచటి గోడలలోని ప్లగ్గులకు చదరపు రంధ్రములు మూడు. మన చార్జరు గుండ్రని పుల్లలు అందు దూరవు. వంద రూపాయలు చేయని అడాప్టరు ఇంటినుండి తీసికొనిపోయిన యెడల మొదటి రాత్రియే ఫోను చచ్చి పడియుండుట తప్పును.

మా తమ్ముడు, మరదలు ఉద్యోగములకు బోయిన పగటి వేళల మేమిరువురమే నగరమున తిరిగితిమి. భూమి క్రిందుగా పరుగెత్తు రైలులో సైతము సిగ్నలు తెగదు. స్టేషన్లలో పేర్లు ఇంగ్లీషు, చీనా, తమిళ లిపులలో నుండును, తెనుగు లేదు. అయినను ఫోను పటము తెనుగున "ఎడమకు తిరుగుడు" అని చెవిలో చెప్పుచుండ మాకు భాషల చింత కలుగలేదు. లిటిల్ ఇండియాలో సెరంగూను రోడ్డున పూలదండల అంగళ్లు దాటి శ్రీనివాస పెరుమాళ్ల కోవెలకు పోయి, గోపురమును వీడియోలో అత్తగారికి చూపితిమి. ఆమె చెంపలు వేసికొని, "తిరుపతికి రెండు గంటల దారియా అక్కడినుండి?" అని యడిగిరి. దమయంతి హంసతో మాటలాడిన యుద్యానమును పురాణములలో చదువుకొన్న మాకు, ఆ కోవెల మెట్లపై అర చేతిలో అత్తగారిని నిలుపుకొని మాటలాడుట వింతగనే తోచినది. హంసకు డేటా ముగియు భయము మాత్రము లేదు. ముఖము చూచుచు మాటలాడిన డేటా వడిగా ఖర్చగును. వట్టి మాటకు చాల తక్కువ. మాటను రికార్డు చేసి పంపిన ఇంకను తక్కువ. వీథులలోని ఉచిత వైఫై వర్తమానములకు మంచిదే గాని, బ్యాంకు పనులు దానిమీద చేయరాదని తమ్ముని కట్టడి.

సముద్రమున కావలి యొడ్డుననున్న ఆ నగరమునుండి మన మాట యెట్లు వచ్చుచున్నదో మేము విచారించితిమి. ఆకాశమున వచ్చునని మనలో పలువురు తలంతురు. అట్లు కాదు. బంగాళాఖాతపు అడుగున పరచిన తీగలలో వచ్చుచున్నది. 1870-71 నాడే చెన్నపట్టణమునుండి పినాంగు మీదుగా సింగపూరునకు తంతితీగ సముద్రములో వేసిరి. 2002లో చెన్నైనుండి సింగపూరునకు సుమారు 3,200 కిలోమీటర్ల గాజుపోగుల కేబులు వేసిరి. ఆ తరువాత మరికొన్ని పడినవి. అనగా కోవెల మెట్లమీద మేము పలికిన పలుకు కడలి క్రిందుగా చెన్నై చేరి, గట్టుమీద నెల్లూరు వచ్చి, చివరకు మా యూరి టవరెక్కి అత్తగారి చెవిన బడును. మూడువేల కిలోమీటర్లు నీటి క్రింద చెక్కుచెదరని ఆ పోగునకు, కడపటి రెండు కిలోమీటర్లలోనే యాపద యుండునని డిసెంబరు మొదటివారమున దెలిసినది.

మిచాంగ్ అను పేరుతో తుఫాను బంగాళాఖాతమున లేచినది. 3వ తేది ఆదివారము సాయంకాలము అత్తగారు ఫోనులో వాన హోరు వినిపించి, "ఆవును లోపల కట్టించితిని, మీరు తిని పడుకొనుడు" అనిరి. సింగపూరు మనకంటె రెండున్నర గంటలు ముందు. వారికి సాయంకాలము, మాకు రాత్రి. సోమవారము తెల్లవారి మేము పంపిన వర్తమానముల ప్రక్క ఒకే గీత నిలిచినది. వాట్సాపులో ఒక గీత యనగా మన యొద్దనుండి పోయినదనియు, రెండు గీతలనగా వారి ఫోనునకు చేరినదనియు అర్థము. పగలంతయు ఒకటే గీత. పొరుగింటి ఫోను పలుకదు. అత్తగారి ఫోను "అందుబాటులో లేదు". మా చేతిలోనేమో కావలసినంత డేటా, అయిదు గీతల సిగ్నలు! వార్తలలో చెన్నపట్టణపు వీథులు నదులై పారుచుండెను, విమానాశ్రయమును మూసివేసిరి. బయలుదేరి వత్తుమన్నను దారి లేదు. తుఫాను నెల్లూరి తీరము వెంబడి ఉత్తరముగా జరుగుచున్నదని చెప్పుచుండిరి.

కరెంటు పోయిన తరువాత టవరు తన బ్యాటరీల మీదను, డీజిలు జనరేటరు మీదను కొన్ని గంటలు నిలుచును. రోడ్లు మునిగి డీజిలు రానిచో మూగవోవును. పొరుగువారి పెద్ద ఫోను బ్యాటరీ ఒక్క దినములో తీరిపోవును. ఇవన్నియు మా తమ్ముడు మాకు విప్పి చెప్పుచుండెను. తెలిసినందువలన గుండె దడ తగ్గలేదు. మా వారు ఆ రాత్రి భోజనము చేయలేదు. ఫోనును దిండు ప్రక్కనుంచుకొని గీత రెండగునేమో యని చూచుచునే తెల్లవార్చిరి. "అమ్మను విడిచి రాకుండవలసినది" అన్న మాట వారి నోట వచ్చునేమో యని మేము భయపడితిమి గాని, వారనలేదు. ఉదయమున మా మరదలు పాపకు పట్టుపావడ కట్టుచు, "వదినగారూ, ముహూర్తము మార్చుదమా?" అని యడిగినది. వలదని చెప్పి, పసిదాని నోట మేమే పాయసము పెట్టితిమి.

5వ తేది మంగళవారము మధ్యాహ్నము బాపట్ల దక్షిణమున తుఫాను గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల గాలితో తీరము దాటినది. ఆ సాయంకాలము అచటి గడియారము ఆరు దాటిన పిమ్మట మా వారి పాత సిమ్మునకు చిన్న సందేశమొకటి వచ్చినది. వాట్సాపు కాదు, వట్టి ఎస్సెమ్మెస్సు. ఇంగ్లీషు లిపిలో తెనుగు మాటలు: అమ్మ క్షేమము, బడిలో ఉన్నాము, కరెంటు లేదు, ఆవు కూడ క్షేమము. పంపినది అత్తగారి బొత్తాముల ఫోనునుండి. కొట్టినది పొరుగింటి బాలుడు. పెంకులు లేచి వాన లోపలికి కొట్టగా ఆదివారము రాత్రియే ఊరివారందరు బడి మేడకు చేరిరట. మంగళవారము ఆ మేడమీదికెక్కి నిలిచిన యెడల దూరపు టవరొకటి లీలగా నందినది. మాటలాడుటకు చాలని సిగ్నలు. డేటాకు అసలే చాలదు. ఎస్సెమ్మెస్సు మాత్రము సందు చూచుకొని దూరిపోయినది. పెద్ద ఫోనులన్నియు చార్జి తీరి చల్లబడియున్నవి. వారమునకొకసారి చార్జి పెట్టు ఆ చిన్న ఫోనులో సగము బ్యాటరీ యింకను మిగిలియున్నది. బాలుడు పంపినది మా నెల్లూరి నంబరునకే గనుక, వానికది ఊరిలో పంపిన సందేశమువలెనే అయినది; పరదేశపు నంబరు తెలియవలసిన పనియే లేకపోయినది.

ఆ బొత్తాముల ఫోను సింగపూరునకు తీసికొనిపోయిన నిరుపయోగము. అచట 2జీ సేవలను 2017 ఏప్రిలులోనే ఆపివేసిరి. 3జీని సైతము 2024లో తీసివేయ నారంభించిరి. మన దేశములో 2జీ ఇంకను నడచుచున్నది. పాతదని మన బిడ్డలు నవ్వుదురు గాని, తీరపు గ్రామములలో ముసలివారి చేతినుండి దానిని లాగివేయుట తొందరపాటని మాకు తోచుచున్నది.

మా జిల్లానుండియు కడపనుండియు కువైట్టు, దుబాయి మొదలగు చోట్లకు పనికై పోవు సోదరీమణులు పెక్కుమంది. వారు మావలె రెండు వారములకు కాదు, ఏండ్లకేండ్లు పోవుదురు. వారికి చెప్పదగిన దొక్కటి: ఏ దేశమున నే సౌకర్యము చెల్లునో ముందే విచారింపుడు. దుబాయి మొదలగు ఎమిరేట్లలో వాట్సాపున వర్తమానములు పోవును గాని, మాటయు ముఖదర్శనమును సాధారణముగా సాగవు. ప్రభుత్వము అనుమతించిన వేరు యాపులున్నవి. బిడ్డ గొంతు వినబడక మొదటి నెలంతయు ఏడ్చిన తల్లులను మేమెరుగుదుము.

ఇంటివద్ద నుండువారికిని ఏర్పాట్లు కావలెను. ఈ మాట యెవరును చెప్పరు. చెప్పు సలహాలన్నియు పోవువారికే. తుఫానులందు ఒక కంపెనీ టవరు చెడినను వేరొక కంపెనీ టవరునుండి మాటలాడనిచ్చు పద్ధతిని టెలికాం శాఖవారు అమలుచేయుచుందురు. అందుకై ఫోనులో నెట్‌వర్కు ఎంపికను ఆటోమేటికుగా నుంచవలెను. మా యింట నిప్పుడు పెద్ద పవర్‌బ్యాంకు ఒకటి పొంగిన పాలకుండవలె ఎప్పుడును నిండుగా నుండును. మా నంబర్లు, తమ్ముని నంబరు, నెల్లూరిలోని బంధువుల నంబరు పెద్ద అక్షరములతో వ్రాసి తలుపు వెనుక అంటించితిమి; ఫోను చచ్చిన దినమున దానిలోని నంబర్లును చచ్చును గదా. సచేత్ అను ప్రభుత్వపు యాపులో తుఫాను హెచ్చరికలు తెనుగుననే వచ్చును.

గురువారము మా యూరి టవరునకు ప్రాణము వచ్చినది. మూడు దినములుగా మేము పొరుగింటికి పంపిన మాటలన్నియు ఒక్కసారిగా రెండేసి గీతలైనవి. అవి ముప్పదికి పైగా నుండును. "గాలి యెక్కువగా నున్నదా?", "అన్నము తింటిరా?", "తలుపులు బిగించుకొంటిరా?" అని మేము రికార్డు చేసి పంపినవి. తుఫాను వెలిసిన ఎండలో అరుగుమీద కూర్చుండి, బాలుడొక్కొక్కటే వినిపించుచుండ, అత్తగారు ఒక్కటియు విడువక, "లేదు నాయనా, తగ్గినది", "తింటిని తల్లీ", "బిగించితిని" అని ఆ ఫోనునకు వరుసగా బదులు చెప్పిరట.