తాళపుచెవి లేని పెట్టె

ఇంటి తాళపుచెవుల గుత్తి యిల్లాలి నడుమున నుండుట మన పెద్దలనాటి యాచారము. బీరువాచెవి యేదో, ధాన్యపుగది చెవి యేదో చీకటిలో తడిమి చెప్పగలము. కాని మన చేతి ఫోనులోనున్న యుత్తరముల పెట్టెకును పాస్‌వర్డను నొక తాళపుచెవి కలదనియు, దానినిగూడ భద్రపరుపవలయుననియు మనలో నెందఱు తలంతురు? మేము తలంపకపోతిమి. దాని ఫలమును మీకు విన్నవించుచున్నాము.

మేము తిరువూరు ప్రాంతమందలి పెనుగొలను గ్రామవాసులము. మా నాయనగారు కడపటి దినములు మాయొద్దనే గడపిరి. సాయంకాలము అరుగుమీద కూర్చుండి, మా ఫోనులో తమ యీమెయిలు ఖాతా తెఱచి, తమ బాల్యమును, మా నాయనమ్మగారి మాటలను, చేజారిన పొలముల కథలను కొంచెము కొంచెముగ వ్రాసి, యెవ్వరికిని పంపక చిత్తుప్రతులలో నుంచెడివారు. పాస్‌వర్డును మొదట నొకసారి వారే కొట్టిరి. మరల నడుగవలసిన పని మాకు కలుగలేదు. వారు గతించిన పిమ్మటను ఆ ఖాతా మా ఫోనులో తెఱచియే యుండెను. మనసు బాగుండని నాడు తీసి చదువుకొనుచుంటిమి.

కొంతకాలమునకు ఫోను పాతబడెను. యాప్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ అనుదానిని నొక్కిన సర్వమును ఒక ఫైలుగా వచ్చునని మా అబ్బాయి చెప్పగా నట్లే చేసితిమి. పాతదానిని పూర్తిగ తుడిచి, తిరువూరి దుకాణమున నిచ్చి, క్రొత్తది తెచ్చుకొంటిమి. ఇంటికి వచ్చి ఆ ఫైలును తెఱవగా ఖాతాల పేర్లు వచ్చినవి, సర్వరుల పేర్లు వచ్చినవి, ఉత్తరము క్రింద పెట్టుకొను సంతకముసైతము వచ్చినది. పాస్‌వర్డు గడి మాత్రము ఖాళీగ నుండెను!

మా ఖాతా పాస్‌వర్డు మాకు జ్ఞాపకమున్నది. నాయనగారిది వారితోనే పోయినది. మఱచితిమని తెలుపగా, గుర్తింపు సంఖ్యను వారి ఫోను నంబరునకు పంపెదమని వచ్చినది. రీఛార్జి చేయనందున ఆ నంబరు ఎన్నడో రద్దయినది. ఆ రాత్రి మాకు కునుకు పట్టలేదు.

నిదానముగ విచారింప, యాప్ చేసినవారి తప్పు కానరాదు. ఆ ఫైలును ఎవరైనను తెఱచి చదువవచ్చును. అందు పాస్‌వర్డు కూడ నున్నచో, ఫైలు దొరకినవానికి ఇల్లే దొరకినట్లగును. కావున పెట్టె నకలు వేఱు, చెవి నకలు వేఱు. మొదటిది యాప్ చేయును; రెండవది మనమే చేయవలెను.

ఇప్పుడు మేము పాటించు పద్ధతి యిది. క్రొత్త ఫోనులో ఉత్తరములు వచ్చుట కన్నులార చూచినగాని పాతదానిని తుడువము. ప్రతి ఖాతా పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, ఫోనుతో కలియనీయక, దస్తావేజుల పెట్టెలో నుంచితిమి. ఖాతాకు జోడించిన ఫోను నంబరు వాడుకలో నున్నదో లేదో అప్పుడప్పుడు చూచుచున్నాము. గూగులు ఖాతాలో రెండంచెల రక్షణ పెట్టుకొన్నవారికి ఎనిమిదేసి అంకెల సంఖ్యలు పది యిత్తురు. ఒక్కొక్కటి యొక్కసారియే పనిచేయును. వానినిగూడ వ్రాసితిమి. ఖాతా చాలకాలము వాడబడనియెడల, మనము ముందుగ నెంచుకొన్నవారికి అందలి సమాచారము చేరునట్టి యేర్పాటును గూగులువారు 2013లో కల్పించిరి. అందు మా అమ్మాయి పేరు చేర్చితిమి.

నాయనగారి వ్రాతలు నేటికిని ఏ దూరదేశపు సర్వరులోనో యుండవచ్చును. పెట్టె యున్నది, తాళము బిగిసియున్నది, చెవి మాత్రము లేదు. ఆయన అరుగుమీద కూర్చుండియున్న దినములలో “నాయనా, ఆ మాట యేదో ఈ కాగితముమీద వ్రాసి పెట్టుము” అని యడుగుటకు మాకు నిమిషము పట్టకపోవును. మీ యింట పెద్దలున్నచో, సోదరీ, ఈ సాయంకాలమే యడుగుము.